హాస్టల్‌ని ఎంచుకోవాలా, కోచ్‌ని ఎంచుకోవాలా? మన ఆటగాళ్ల వందేళ్ల కథ

ఈ వారానికి వేరే టాపిక్ రెడీ చేసుకున్నాను. దాన్ని పక్కన పెట్టేశాను. ఎందుకో చెప్తాను.

నేను ఉండేది మద్దిలపాలెంలో. మా కింద వాటాలో ఆటో నడిపే అన్న ఒకాయన ఉంటారు. ఆయన కూతురు ఈ ఏడాదే పదో తరగతి రాసింది. పొద్దున్న ఐదింటికల్లా ఏయూ గ్రౌండ్‌లో ఉంటుంది. ఆమె ఈవెంట్ హర్డిల్స్. మొన్న రాత్రి ఆయన బండి పెట్టేసి, చెమట కూడా తుడుచుకోకుండా మా మెట్లెక్కి వచ్చారు.

"బాబూ, మా గుంటకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మనూర్లోనే, ప్రైవేటు కాలేజీ. ఇంకోటి గవర్నమెంటు హాస్టలు, రాత్రంతా రైల్లో పోవాల. ఆలూ ఫ్రీ అంటన్నారు, ఈలూ ఫ్రీ అంటన్నారు. ఏటి సెయ్యమంటావు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "రెండ్రోజులు టైమివ్వన్నా" అన్నాను. ఆ రెండ్రోజుల్లో నేను చదివిందీ, ఇంతకుముందు తెలిసిందీ కలిపి పెడితే ఈ ఎపిసోడ్ అయింది. ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. ఫోన్లో ఇది చూస్తున్నవాళ్లలో కబడ్డీ ఆడేవాళ్లుంటారు, వాలీబాల్ ఆడేవాళ్లుంటారు, తమ్ముణ్ణో చెల్లినో హాస్టల్‌కి పంపినవాళ్లుంటారు. ఆట బాగా వచ్చిన పదిహేనేళ్ల పిల్ల ఎక్కడికి వెళ్లాలి? అది ఎవరు తేల్చాలి? మన దగ్గర ఈ ప్రశ్నకి వందేళ్ల చరిత్ర ఉంది.

ముందు ఒక్కసారి అమెరికా వెళ్లొద్దాం. ఎందుకంటే ఈ ప్రశ్న అక్కడ పెద్ద జాతర.

అక్కడ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ అదరగొట్టే కుర్రాడి ఇంటికి యూనివర్సిటీ కోచ్‌లే నడిచి వస్తారు. వాళ్ల అమ్మతో మాట్లాడతారు, నాన్నతో మాట్లాడతారు, క్యాంపస్‌కి పిలిచి తిప్పి చూపిస్తారు. 1965లో న్యూయార్క్‌లో లూ ఆల్సిండర్ అనే ఏడడుగుల కుర్రాడు ఉండేవాడు. తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా మారింది ఆయనే. దేశంలో ఏ యూనివర్సిటీకి వెళ్తానన్నా ఎర్ర తివాచీ పరిచేవాళ్లు. ఆయన ఇంటికి దూరంగా, దేశానికి అటు చివరున్న యూసీఎల్‌ఏని ఎంచుకున్నాడు. అక్కడి కోచ్ జాన్ వుడెన్ అప్పటికే 1964లో, 1965లో వరసగా రెండు టైటిళ్లు కొట్టి ఉన్నాడు. అంతటి ఆటగాడికి కూడా మొదటి ఏడాది మెయిన్ టీమ్‌లో చోటు లేదు, అప్పటి రూలు అది. అయినా ఆగాడు. ఆ తర్వాత ఆడిన మూడేళ్లూ, అంటే 1967, 1968, 1969లో యూసీఎల్‌ఏనే చాంపియన్.

ఇప్పటికొస్తే ఆ ఎంపిక టీవీ షో అయిపోయింది. 2024 డిసెంబర్‌లో ఏజే డిబాన్సా అనే కుర్రాడు టీవీ లైవ్‌లో తన కాలేజీ పేరు చెప్పాడు. నార్త్ కరోలినా, కాన్సస్ లాంటి బాస్కెట్‌బాల్ కొండల్ని కాదని యూటా రాష్ట్రంలోని బీవైయూ అన్నాడు. చాలామంది నోరెళ్లబెట్టారు. కానీ అక్కడి కోచ్ కెవిన్ యంగ్ అంతకుముందు ఎన్బీఏలో ఫీనిక్స్ సన్స్ టీమ్‌కి అసిస్టెంట్ కోచ్. ఎన్బీఏకి వెళ్లాలనుకునే కుర్రాడికి ఆ దారి తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లడం తెలివితక్కువ పనేం కాదు కదా.

డబ్బు కూడా ఉంది, దాచక్కర్లేదు. 2021 జులై 1 దాకా కాలేజీ ఆటగాడు తన సొంత పేరు మీద ఒక్క డాలర్ సంపాదించకూడదు. ఆ రోజు నుంచి యాడ్స్ చేసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌తో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 1964 నుంచి ఉన్న ఒక ఒప్పంద పత్రం ఉండేది, దానిమీద సంతకం పెడితే ఆ కాలేజీకి కట్టుబడినట్టే. 2024లో దాన్ని తీసేశారు.

మరి మన కుర్రాళ్లు? పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరి నుంచి సత్నామ్ సింగ్ 2010లో, పద్నాలుగేళ్లప్పుడు, స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా అకాడమీకి వెళ్లాడు. 2015లో కాలేజీ మెట్టు ఎక్కకుండానే డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. డల్లాస్ టీమ్ 52వ పిక్‌గా తీసుకుంది. ఇండియాలో పుట్టినవాడు ఎన్బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికవడం అదే మొదటిసారి. దేశమంతా సంబరపడింది. కానీ ఎన్బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పెద్ద పేరున్న చోట పిలుపు రావడం వేరు, అక్కడ ఆడనివ్వడం వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సరే, ఇంటికొద్దాం.

మన దగ్గర మొదట్లో ఆటగాడు ఎంచుకోవడం అనే మాటే లేదు. రాజుగారు ఎంచుకునేవారు. సి.కె.నాయుడు పేరు వినే ఉంటారు. మన తెలుగు కుటుంబమే, కానీ ఆయన పుట్టింది 1895లో నాగ్‌పూర్‌లో. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించుకుని తన సైన్యంలో హోదా ఇచ్చారు. ఆటగాడికి జీతం, ఇల్లు, గౌరవం. 1932లో లార్డ్స్‌లో ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్ ఆయనే.

మన పక్కనే ఉన్న విజయనగరం సంస్థానం నుంచి ఇంకో మనిషి ఉన్నారు. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. 1930-31లో ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి తన సొంత టీమ్‌లో ఆడించారంటే ఆయన దర్జా ఊహించుకోండి. అదే విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీమ్‌కి కెప్టెన్. ఆ టూర్‌లోనే టెస్టులు మొదలవకముందే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. ఫామ్‌లో ఉన్న ఆటగాడు. రాజుల నీడ చల్లగానే ఉండేది. కానీ ఆ నీడలో నిలబడ్డవాడికి, ఎప్పుడు లేచి పొమ్మంటారో తెలిసేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానాలు పోయాయి. రాజు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఉద్యోగం కూర్చుంది.

ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన కథే. రైల్వే, పోలీస్, పోర్టు, స్టీల్ ప్లాంట్, బ్యాంకు... "ఆటలో పైకొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది" అనే మాట వినకుండా మన విశాఖలో ఏ ఆటగాడూ పెరగడు. ఈ పద్ధతి ఎంత గొప్పగా పనిచేసిందో చూడాలంటే హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్‌ని చూడాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి గోల్డ్ తెచ్చిన కోచ్ కూడా ఆయనే. మంచి ఆటగాడికి నెలజీతం, పక్కనే మంచి కోచ్. రెండూ ఒకే చోట దొరికాయి.

కానీ అందరికీ రెండూ ఒకే చోట దొరకవు. అప్పుడే ఎంపిక మొదలవుతుంది. కలకత్తాలో పి.కె.బెనర్జీ అని పెద్ద ఫుట్‌బాలర్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే అక్కడ దేవుళ్లతో సమానం. ఆయన ఆ రెండింటినీ కాదని ఉద్యోగం ఉన్న ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు. 1958లో ఆ రైల్వే టీమ్ కలకత్తా లీగ్ గెలిచింది కూడా.

ఇంకొకరు మనవాడే. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం. హైదరాబాద్ నుంచి 1950ల్లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ టీమ్‌లో ఉన్నాడు. 1963లో బీఎన్ఆర్‌కి మారాడు. బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఒకప్పుడు మన వాల్తేరు స్టేషన్ దాని కిందే ఉండేది, మన తాతలకి బాగా తెలిసిన పేరు. మారిన ఏడాదే ఆరోగ్యం దెబ్బతిని, ముప్ఫై నిండకుండానే ఆట ఆగిపోయింది. ఆ తర్వాత బీఎన్ఆర్ టీమ్‌కే కోచ్‌గా పనిచేశాడు. 2023లో కన్నుమూశాడు. ఆట ముప్ఫైలోపు అయిపోతే, మనిషి ఎనభై ఆరేళ్లు బతికాడు. ఆ మధ్యలో ఉన్నదంతా ఎవరు చూస్తారు? మన పెద్దవాళ్లు "ముందు ఉద్యోగం రా" అంటే మనం విసుక్కుంటాం. వాళ్ల లెక్క ఇది.

పి.వి.సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లే, ఇద్దరూ రైల్వే ఉద్యోగులే. నాన్న పి.వి.రమణ 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ గెలిచిన టీమ్‌లో ఉన్నారు. అంటే ఆ రైల్వే జీతం ఒక తరం ఆటని నిలబెట్టి, రెండో తరాన్ని ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లింది. ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడకూడదు.

మన ఉత్తరాంధ్ర నుంచే ఇంకో ఉదాహరణ చెప్పకపోతే తప్పవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి చిన్నప్పుడు అక్కడ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర వెయిట్ లిఫ్టింగ్ మొదలుపెట్టింది. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగే లేదు! లేని మెడల్ కోసం బరువులెత్తింది. 1994, 1995లో వరల్డ్ చాంపియన్ అయింది. 2000లో సిడ్నీలో ఆడవాళ్లకి మొదటిసారి అవకాశమిస్తే, 240 కిలోలు ఎత్తి బ్రాంజ్ కొట్టింది. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారత మహిళ. ఆమె ప్రయాణం ఒక పల్లెటూరి గురువు దగ్గర మొదలైంది. ఏ పెద్ద బిల్డింగూ కాదు.

ఇక మూడో దశ, ఇప్పుడు మనం ఉన్నది. హాస్టళ్లు, అకాడమీలు, యూనివర్సిటీలు.

యూనివర్సిటీల మధ్య ఆటల పోటీ మనకి కొత్తది కాదు. అన్నిట్లో ముందున్న యూనివర్సిటీకి కేంద్రం మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తుంది. 1950ల నుంచి ఉంది. ట్రోఫీ ఉన్నచోట వేట ఉంటుంది. అథ్లెటిక్స్‌లో మంగళూరు యూనివర్సిటీ చాలా ఏళ్లుగా దుమ్ము రేపడానికి కారణం, మూడబిద్రిలో ఆల్వాస్ అనే విద్యాసంస్థ దేశం నలుమూలల నుంచి ఆటగాళ్లని తీసుకొచ్చి చదువు, తిండి, వసతి ఇవ్వడం. 2025 జనవరిలో ఇచ్చిన ఆజాద్ ట్రోఫీ ఒక ప్రైవేటు యూనివర్సిటీకి, చండీగఢ్ యూనివర్సిటీకి వెళ్లింది. అంటే అమెరికాలో కోచ్ ఇంటికి రావడం లాంటిది ఇక్కడా మొదలైంది. కాకపోతే ఇక్కడ టీవీ లైవ్ ఉండదు. జిల్లా మీట్‌లో గెలిచిన పిల్ల నాన్నకి ఒక ఫోన్ వస్తుంది, "ఫ్రీ" అంటారు, వారంలో చెప్పమంటారు.

ఇప్పుడు అసలు కథ. మన విశాఖ అమ్మాయి, జ్యోతి యర్రాజి.

1999లో పుట్టింది. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసేవారు. చదివింది మన పోర్ట్ హైస్కూల్లో. పొడుగ్గా ఉంది, హర్డిల్స్‌కి బాగుంటుందని అక్కడి పీఈటీ గారు గుర్తించారు. ఆడవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులు, ఒక్కోటి దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు, మధ్య దూరం 8.5 మీటర్లు. ఆ మధ్యలో మూడంటే మూడు అడుగులే వేయాలి. కాళ్లు పొడుగుంటే కలిసొస్తుంది, కానీ ఆ మూడడుగుల లయ నేర్పే మనిషి లేకపోతే పొడుగు ఉత్తదే.

2016లో హైదరాబాద్ వెళ్లింది, స్పోర్ట్స్ అథారిటీ సెంటర్‌కి. అక్కడ కోచ్ నాగపురి రమేశ్, ద్రోణాచార్య అవార్డు పొందిన మనిషి. ఆ తర్వాత గుంటూరులో సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. ఆ తర్వాత భువనేశ్వర్‌లో రిలయన్స్ ఫౌండేషన్, ఒడిశా ప్రభుత్వం కలిసి నడిపే సెంటర్‌లో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గరికి. పదేళ్లలోపు మూడు ఊళ్లు. ఇందులో ఒక వింత చూడండి. ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ హైదరాబాద్ వచ్చి రమేశ్ గారి దగ్గర నేర్చుకుంది. మన విశాఖ అమ్మాయి ఒడిశా వెళ్లింది. ఒకే పట్టాల మీద ఎదురెదురు రైళ్లు. ఎవరి సొంత రాష్ట్రం ఏదని చూసుకుంటే ఇద్దరూ తప్పు దిక్కుకి వెళ్లినట్టే. కోచ్ ఎక్కడున్నాడని చూస్తే ఇద్దరూ సరైన చోటికే వెళ్లారు. నందిని అగసర 2023 ఏషియన్ గేమ్స్‌లో హెప్టాథ్లాన్ బ్రాంజ్ తెచ్చింది, జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల బ్రాంజ్ తెచ్చింది. ఇద్దరి వెనకా ఉన్న కోచ్ ఆ రమేశ్ గారే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి. నాకు ఈ మొత్తం కథలో నిద్ర పట్టనివ్వని ముక్క ఇదే.

2020 జనవరి. మూడబిద్రిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్. జ్యోతి ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున పరిగెత్తింది. టైమ్ 13.03 సెకన్లు. అప్పటికి నేషనల్ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ పేరు మీద 2002 నుంచి కదలకుండా ఉంది. సెకనులో మూడో వంతు తేడా! హర్డిల్స్‌లో అది పెద్ద అగాధం. కానీ ఆ రికార్డు లెక్కలోకి రాలేదు. ఎందుకు? అక్కడ డోప్ టెస్ట్ జరగలేదు, ఫెడరేషన్ తరఫున టెక్నికల్ డెలిగేట్ లేరు. అమ్మాయి చేయాల్సింది అమ్మాయి చేసింది. చుట్టూ ఉండాల్సిన ఏర్పాటు లేదు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. 13.09. ఈసారి గాలి. వెనక నుంచి గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే రికార్డు ఒప్పుకోరు. ఆ రోజు 2.1. మళ్లీ పోయింది. మే 10న సైప్రస్‌లో 13.23 పరిగెత్తింది. ముందు రెండింటి కంటే ఇది నెమ్మది. కానీ గాలి సరిగ్గా ఉంది, ఏర్పాట్లు సరిగ్గా ఉన్నాయి. ఇరవై ఏళ్ల రికార్డు అప్పుడు బద్దలైంది.

ఆ తర్వాత ఆగలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో బెంగళూరులో 12.82, ఈ ఈవెంట్లో రూల్ ప్రకారం 13 సెకన్ల లోపు వచ్చిన మొదటి భారత మహిళ. 2023లో బ్యాంకాక్‌లో ఏషియన్ చాంపియన్, చెంగ్డూలో వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో 12.78తో బ్రాంజ్, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో సిల్వర్. 2024 పారిస్‌లో ఈ ఈవెంట్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారత మహిళ. 2025 మేలో కొరియాలోని గుమిలో 12.96తో మళ్లీ ఏషియన్ చాంపియన్. ఆ కొద్ది రోజులకే మోకాలి గాయం, సర్జరీ, టోక్యో వరల్డ్ చాంపియన్‌షిప్ మిస్.

ఈ వరసంతా ఎందుకు చెప్పానంటే, ఇందులోనే కింద వాటా అన్న ప్రశ్నకి జవాబు ఉంది. నేను మూడు ముక్కలు చేసుకున్నాను.

ఒకటి, కోచ్ ఎవరు? ఈ హాస్టల్‌కి మంచి పేరుంది అంటే సరిపోదు. నా ఈవెంట్‌కి, నా ఆటకి అక్కడ రోజూ గ్రౌండ్‌లో నిలబడే మనిషి ఎవరు? ఆల్సిండర్ నుంచి జ్యోతి దాకా దూరం వెళ్లినవాళ్లంతా మనిషిని వెతుక్కుంటూ వెళ్లారు. ఇంకో మాట, ఆ మనిషికి ట్రాన్స్‌ఫర్ అయితే ఏంటి పరిస్థితి? అది కూడా అడగాలి.

రెండు, నా పరుగు లెక్కలోకి వస్తుందా? ఆ కాలేజీ నన్ను తన ట్రోఫీ కోసం మాత్రమే పరిగెత్తిస్తుందా, లేక స్టేట్ మీట్‌కి, ఫెడరేషన్ మీట్‌కి కూడా పంపుతుందా? కాలేజీ షెల్ఫ్‌లో కప్పులు పెరగడం వేరు, పిల్ల పేరు రికార్డుల్లోకి ఎక్కడం వేరు. మూడబిద్రిలో 13.03 నేర్పిన పాఠం ఇది. సత్నామ్ కథ నేర్పింది కూడా ఇలాంటిదే, పిలుపు ఒక్కటే చాలదు, ఆడనివ్వాలి.

మూడు, కాలు విరిగితే? ఈ ప్రశ్న అడగడానికి అందరూ జంకుతారు, అపశకునం అనుకుంటారు. అడగండి. గాయమైతే ఆరు నెలలు నన్ను ఉంచుతారా? ఫిజియో ఉన్నారా? ఆపరేషన్ ఖర్చు ఎవరిది? ఫ్రీ సీటు అప్పుడూ ఫ్రీయేనా, లేక రన్నింగ్ ఆగిన నెల నుంచి ఫీజు అడుగుతారా? కాగితం మీద రాసిస్తారా? చదువు మధ్యలో ఆగకుండా ఇంటర్ పూర్తవుతుందా? రాజులు పోయి, ఉద్యోగాలు వచ్చి, హాస్టళ్లు వచ్చినా ఈ ఒక్క భయం మారలేదు. అమెరికాలో కోట్ల డాలర్ల దాకా వెళ్లింది కూడా చివరికి ఈ భయానికి ధర కట్టడమే. ఈ శరీరం ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలియదు కాబట్టి, పనిచేస్తున్నప్పుడే ఎంతో కొంత ఇవ్వండి అని.

మన రాష్ట్రానికి ఇంకో చిక్కు ఉంది, అదీ చెప్పుకోవాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక గచ్చిబౌలి, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ అన్నీ తెలంగాణ వైపు ఉండిపోయాయి. మన అమ్మాయిలకి పెద్ద సెంటర్ అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, లేదా అటు భువనేశ్వర్ రైలు ఎక్కాలి. పోర్టు ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, నూరేళ్ల యూనివర్సిటీ ఉంది, సముద్రం పక్కనే పరిగెత్తడానికి ఇసుక ఉంది. జ్యోతి లాంటి పిల్ల పదిహేడేళ్లకి ఊరు వదలక్కర్లేని ఏర్పాటు మాత్రం లేకపోయింది. ఇది తిట్టడానికి చెప్పట్లేదు. నగరానికి ఇది కూడా ఒక లెక్కే అని చెప్తున్నాను.

రెండో రోజు సాయంత్రం నేనే కిందికి వెళ్లాను. ఈ మూడు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. అన్న శ్రద్ధగా విన్నారు. వాళ్లావిడ గుమ్మం దగ్గర నిలబడి, "అంత దూరం ఆడపిల్లని ఎలా పంపుతాం తమ్ముడూ, తిండి సరిపడకపోతే?" అన్నారు. అది నా కాగితంలో లేని ప్రశ్న. నాలుగోదిగా రాసుకున్నాను. హాస్టల్‌లో అమ్మాయిల వైపు వార్డెన్ ఎవరు, గుడ్డు రోజూ ఇస్తారా, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు. నవ్వుకునే విషయాలు కావు ఇవి. చాలామంది పిల్లలు మూడో నెలలో తిరిగి వచ్చేసేది వీటి దగ్గరే.

మేం ముగ్గురం మాట్లాడుతుంటే ఆ పిల్ల మంచం మీద కూర్చుని స్పైక్స్‌కి మేకులు బిగించుకుంటోంది. అప్పుడు తట్టింది నాకు. ఈ రెండ్రోజుల్లో ఆమెని ఎవరూ అడగలేదు. నేను కూడా.

"నీకేమనిపిస్తోందమ్మా?" అన్నాను.

తలెత్తకుండానే చెప్పింది. "ఇక్కడ కాలేజీ గ్రౌండ్‌లో హర్డిల్స్ ఎన్నున్నాయో చూశానన్నయ్యా. నాలుగు. అవి కూడా తుప్పు పట్టిపోయాయి. నాకు పది కావాలి కదా."

అన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను వందేళ్ల చరిత్ర చదివొచ్చాను. ఆ పిల్ల వెళ్లి హర్డిల్స్ లెక్కపెట్టుకొచ్చింది.

వచ్చే ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరూ ఆ దూరం హాస్టల్ చూడ్డానికి వెళ్తున్నారు. చేరడానికి కాదు, చూడ్డానికి. కోచ్‌తో మాట్లాడి, కాగితంలో ప్రశ్నలు అడిగి, అక్కడ హర్డిల్స్ ఎన్నున్నాయో లెక్కపెట్టి వస్తారట. ఏం తేలినా మీకు చెప్తాను.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలా "ఫ్రీ" అనే ఫోన్ వచ్చిన పిల్లలుంటే వాళ్ల నాన్నకి ఈ ఎపిసోడ్ పంపండి. దానికంటే ముందు, ఆ పిల్లని కూర్చోబెట్టి ఒక్కసారి అడగండి. ఉంటాను, ఫ్రెండ్స్.